అనుభవం గడిలో ఏం రాయాలి?



ఈ పూట నేను మాట్లాడబోయేది ఒక్క పేజీ కాగితం గురించి. రెజ్యూమె గురించి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ ఏడాది బీటెక్ పాసైన పిల్లలు చాలామంది ఇప్పుడు దాని ముందే కూర్చుని ఉంటారు. పేరు రాశారు. ఫోన్ నంబరు రాశారు. టెన్త్, ఇంటర్, బీటెక్ మార్కులు రాశారు. తర్వాత ‘అనుభవం’ అనే శీర్షిక వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది. ఆగిన చోట ఏం చేయాలో తెలియక కొందరు ఆ శీర్షికే తీసేస్తారు. కొందరు లేనిది రాస్తారు. ఇంకొందరు సీనియర్ అన్న ఫైల్ తెచ్చి అందులో అన్న పేరు కొట్టేసి తమ పేరు పెట్టుకుంటారు.

ఇంటర్వ్యూల్లో బల్లకు అటువైపు కూర్చునే పని నాకు చాలాకాలంగా ఉంది. ఆ అన్న ఫైల్ సంగతి మాకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకే కాలేజీ నుంచి వచ్చిన కాగితాలన్నింటిలో ఒకే అక్షరదోషం, ఒకే చోట, ఏటేటా కనిపిస్తుంది. ఆస్తిపాస్తుల్లా అది కూడా వారసత్వంగా దిగుతోంది. పైన ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి, నా అభివృద్ధికి తోడ్పడతాను’ అనే లక్ష్యం. కింద ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే వాక్యం. ఈ మధ్య అన్న ఫైల్ స్థానంలో చాట్‌జీపీటీ వచ్చింది. అక్షరదోషాలు పోయాయి గానీ మాటలు బరువెక్కాయి. ఒక అబ్బాయి కాగితంలో తాను కాలేజీ ఫెస్ట్‌ను ‘స్పియర్‌హెడ్’ చేశానని ఉంది. అంటే ఏమిటి నాయనా అని అడిగితే, చాలాసేపు ఆలోచించి, కుర్చీలు వేయించాను సార్ అన్నాడు. కుర్చీలు వేయించడం మంచి పనే. ఎన్ని వందల కుర్చీలు, ఎక్కడి నుంచి తెచ్చారు, వాన పడితే ఏం చేశారు అని మాట్లాడుకుంటే పావుగంట హాయిగా గడిచింది. ఆ పిల్లవాడికి పని చేయించడం వచ్చని మాకు అప్పుడు తెలిసింది. అతని కాగితం మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అనుభవం లేదని మీరు అనుకుంటున్న చోట చాలామందికి అనుభవం ఉంది. ఉందనుకుని రాస్తున్న చోట చాలాసార్లు లేదు.

కొత్తగా పాసైన వాళ్లకు ఉద్యోగానుభవం ఉండదని కంపెనీలకు తెలియదా? తెలుసు. తెలిసే పిలుస్తారు. వాళ్లు వెతికేది వేరు. ఈ పిల్ల ఎప్పుడైనా ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందా? అది చెడిపోతే ఎందుకు చెడిపోయిందో కనుక్కుందా? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో వ్యాపారి మిర్చి బస్తాలోంచి గుప్పెడు తీసి చూసినట్టు, ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్లు మీ కాగితంలోంచి ఏదో ఒక లైను మీద వేలు పెడతారు. ఏ లైను మీద పెడతారో మీకు ముందే తెలియదు. కాబట్టి మీరు పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగిన లైన్లే అందులో ఉండాలి. మాట్లాడలేనిది ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. ఇంటికి రెండెకరాల మిర్చి, ఒక బోరు, ఐదు హెచ్‌పీ మోటారు. కొడుకు వరంగల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. మోటారు కాలిపోవడం ఆ ఇంట్లో కొత్త కాదు. కాలినప్పుడల్లా దాన్ని పైకి లాగి, మనుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, తీసుకుపోయి, వైండింగ్ చేయించి తెచ్చి మళ్లీ దింపుతారు. ఖర్చు వేలల్లో అవుతుంది, పైగా నీళ్లు లేక తోట ఎండుతుంది. నాన్న కరెంటును తిడతాడు, మెకానిక్ రాగి తీగ ధర గురించి చెప్తాడు. కొడుకు మాత్రం సెలవుల్లో క్లాంప్ మీటరు పట్టుకుని స్టార్టర్ దగ్గర నిలబడ్డాడనుకోండి. మామూలుగా నిండు లోడు మీద ఆ మోటారు ఎనిమిది ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయి ఒక ఫేజు రాకపోతే మోటారు వెంటనే ఆగదు. మిగతా రెండు ఫేజుల మీదే మూలుగుతూ తిరుగుతుంది. వాటిలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది, తీగ వేడెక్కి కాలుతుంది. మూడో ఏడాది మెషీన్స్ పుస్తకంలో ఉన్న సింగిల్ ఫేజింగ్ ఇదే. పరీక్షలో పది మార్కులకు రాసిన జవాబు ఇంటి వెనక పొలంలో ఏటా జరుగుతోంది.

ఇప్పుడు ఆ అబ్బాయి ఒక సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కొని బిగించాడు. తర్వాతి సీజన్లో మోటారు కాలలేదు. ఇది అనుభవం కాదా? కానీ అతని రెజ్యూమెలో ఇది ఉండదు. అందులో ‘బ్లూటూత్ ద్వారా ఇంటి లైట్ల నియంత్రణ’ అని ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నవి ఎన్ని లైట్లని!

ఇంగ్లిష్‌లో రాసుకోవాల్సిందే గానీ ఆ లైను ఎలా ఉండాలో తెలుగులో చెప్తాను. ‘ఐదు హెచ్‌పీ వ్యవసాయ మోటారు తరచూ కాలిపోవడానికి సింగిల్ ఫేజింగ్ కారణమని ఫేజుల వారీగా కరెంటు కొలిచి గుర్తించాను. రక్షణ పరికరం అమర్చాను. తర్వాతి సీజన్ మొత్తం మోటారు ఆగకుండా నడిచింది.’ ఇందులో ఒక్క విశేషణం లేదు. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం అని విడిగా రాయనక్కర లేదు.

ఇక ఆ లైను మీద వేలు పెడితే మాటలు ఎటైనా పోతాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను ఎందుకు అడిగారు? కరెంటు రాగానే వాటంతట అవే మోటార్లు మొదలై రాత్రీ పగలూ నడిస్తే భూగర్భజలం ఏమవుతుంది, ఒకేసారి అన్నీ లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుంది? మోటారుకు కెపాసిటర్ పెట్టమని డిస్కం వాళ్లు ఎందుకు చెప్తారు? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లవాడికి ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకంలోంచి రావాలి. మీకు చిన్నప్పటి నుంచీ కళ్లముందే ఉన్నాయి. ఒక్క హెచ్చరిక. మీటరు పట్టుకున్నది మెకానిక్ అయితే, మీరు పక్కన టార్చి పట్టుకుని నిలబడితే, ‘సహాయం చేశాను’ అనే రాయండి. టార్చి పట్టుకుని ఏం చూశారో చెప్పగలిగితే అదీ చాలు.

కొలత గురించి ఇంకో మాట. జనగామ నుంచి హైదరాబాద్ వైపు రైల్లో పోతే ఆలేరు వస్తుంది. దాని పక్కనే శారాజీపేట. చింతకింది మల్లేశం ఊరు అది. చేనేత కుటుంబం. ఆరో తరగతితోనే బడి మానేశారు. పోచంపల్లి తరహా చీరకు నూలును ఆసు పోయాలంటే వాళ్ల అమ్మ లక్ష్మి చేతిని మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. భుజం పడిపోయేది. కొడుకు ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా వచ్చింది. పద్మశ్రీని, సినిమాను పక్కన పెట్టండి. ఆయన పని గురించి నేను ఇప్పుడు చెప్పిన తీరు చూడండి. ఎవరికి ఏం ఇబ్బంది, ఏం చేశారు, ముందు ఎంత, తర్వాత ఎంత. డిగ్రీ లేని మనిషి పనిని మూడు వాక్యాల్లో చెప్పగలుగుతున్నాం. నాలుగేళ్లు చదివిన మన పిల్లలు ‘ప్రాజెక్టు విజయవంతంగా పూర్తి చేయబడింది’ అని రాస్తారు. ఎవరు పూర్తి చేశారో ఆ వాక్యంలో లేనే లేదు.

ప్రాజెక్టుల సంగతి వచ్చింది కాబట్టి దాచకుండా మాట్లాడుకుందాం. హనుమకొండలో, అమీర్‌పేట్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫైనలియర్ ప్రాజెక్టులు అమ్ముతారు. డబ్బు కడితే కిట్టు, రిపోర్టు, ప్రజెంటేషన్ అన్నీ ఒక సంచిలో పెట్టి ఇస్తారు. అందరికీ తెలిసిన విషయమే, కొన్నవాళ్లందరినీ దొంగలని నేను అనను. నలుగురు కలిసి చేయాల్సిన పనికి ల్యాబులో పరికరాలు లేనప్పుడు, గైడుకు తీరిక లేనప్పుడు ఇదే జరుగుతుంది. కానీ కొన్న ప్రాజెక్టును సొంతమని రాస్తే బోర్డులో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. సెన్సర్ విలువ తప్పుగా వస్తే ఏం చేశావు అని అడుగుతారు. కొన్న కిట్టులో సెన్సర్ ఎప్పుడూ తప్పు చూపించదు, ఎందుకంటే దాన్ని వైవా రోజు తప్ప ఎవరూ ఆన్ చేయలేదు.

ఇప్పటికైనా సమయం ఉంది. అటక మీద నుంచి ఆ డబ్బా దించండి. విప్పండి. ఒక భాగం మార్చి చూడండి. ఏం చెడిందో, ఎలా బాగుచేశారో నోటుబుక్కులో రాసుకోండి. వారం పది రోజుల పని. అప్పుడు రెజ్యూమెలో ‘నలుగురి బృందం. నా వంతు ఫలానా భాగం. దాన్ని ఇలా మార్చాను’ అని నిజంగా రాయగలుగుతారు. నలుగురిలో మీ వంతు ఏమిటో చెప్పని ప్రాజెక్టు లైను ఉన్నా లేనట్టే.

ఇంటర్న్‌షిప్‌ల కథా ఇంతే. భూపాలపల్లి ప్రాంతం నుంచి వచ్చే మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లల కాగితాల్లో చెల్పూరు కేటీపీపీలో, అంటే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఇంటర్న్‌షిప్ అని తరచూ కనిపిస్తుంది. మంచి చోటు. ఒక 500 మెగావాట్ల యూనిట్, ఒక 600 మెగావాట్ల యూనిట్ ఉన్నాయి. ఏం చూశావమ్మా అంటే, బాయిలర్ చూశాను సార్, టర్బైన్ చూశాను సార్, కంట్రోల్ రూమ్ చూశాను సార్ అంటారు. అన్నీ చూసినవాళ్లు ఏదీ చూడలేదని మాకు అర్థమవుతుంది. ఒక్కదాన్ని పట్టుకోండి. బొగ్గు సంగతే తీసుకోండి. 500 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకు ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు మింగుతుంది. అది ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని పిండి చేసే మిల్లు ఎలా పనిచేస్తుంది, వానాకాలం తడి బొగ్గు వస్తే ఏమవుతుంది, మిగిలిన బూడిద ఎటు పోతోంది. ఈ నాలుగు ప్రశ్నలు అక్కడి ఆపరేటర్లను అడిగి రాసుకున్న పిల్లకు ఆ పదిహేను రోజులు అక్షరాలా పదిహేను రోజుల అనుభవమే. ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే వచ్చే వర్చువల్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు డజను పెట్టినా దీనికి సాటి రావు. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు.

సివిల్ పిల్లలు, ముఖ్యంగా భూపాలపల్లి జిల్లావాళ్లు, ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. మీ అడ్రసులో ఆ పేరు చూడగానే బోర్డులో ఎవరో ఒకరు మేడిగడ్డ బ్యారేజీ సంగతి ఎత్తుతారు. 2019 జూన్ 21న ప్రారంభమైన బ్యారేజీ, పదహారు వందల మీటర్ల పొడవు, 85 గేట్లు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ, అన్నింటా లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ చెప్పింది. రాజకీయం అడగరు. మీరూ చెప్పకండి. ఇసుక మీద కట్టిన బ్యారేజీకి పునాది కింద నీళ్లు ఎలా కదులుతాయి, ఆ నీటితో పాటు ఇసుక కొట్టుకుపోకుండా సీకెంట్ పైల్స్ ఎందుకు వేస్తారు, గేట్ల కింది నుంచి వచ్చే వేగం తగ్గించకపోతే కింద రాళ్లు ఏమవుతాయి. ఇవి చదువుకుని పోండి. వీలైతే కాళేశ్వరం దర్శనానికి పోయినప్పుడు అటు వెళ్లి దూరం నుంచైనా చూసి రండి. పుస్తకంలోని బొమ్మకు, నదికి తేడా తెలుస్తుంది. మరీ అంత పెద్దది వద్దనుకుంటే ఊరి చెరువు ఉంది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువు తూము ఇప్పుడు ఎలా ఉంది? కట్ట మీద చెట్లు మొలిస్తే కట్టకు మంచిదా చెడ్డదా? ఊళ్లో ఎవరూ సరిగా కొలవని సంగతులు చాలా ఉన్నాయి.

ఇక కంప్యూటర్ సైన్స్. ఇప్పుడు ఎక్కువమంది చదివేది ఇదే కాబట్టి ఎక్కువ చెప్పాలేమో, కానీ వాళ్లకు చెప్పేది తక్కువే. నైపుణ్యాలు అనే శీర్షిక కింద సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్, మెషీన్ లెర్నింగ్, క్లౌడ్, బ్లాక్‌చెయిన్ అని బారులు తీరుస్తారు. రెండు ఉంచండి. ఆ రెండింటితో చేసిన ఒక పనిని గిట్‌హబ్‌లో పెట్టి దాని లింకు ఇవ్వండి. పని గొప్పది కానక్కర లేదు. బాబాయి కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతాకు మీరు రాసిన చిన్న ప్రోగ్రాం ఉందనుకోండి. దాన్ని బాబాయి నిజంగా వాడుతున్నాడా? మొదట్లో వాడనన్నాడా? ఎందుకన్నాడు? అక్షరాలు చిన్నగా ఉన్నాయనా, తెలుగులో లేదనా? మీరేం మార్చారు? వాడేవాడి కోపాన్ని భరించి ప్రోగ్రాం మార్చిన పిల్లలను కంపెనీలు వెతుక్కుంటాయి.

దొంగ అనుభవం గురించి చెప్పకుండా దాటిపోలేను. ఈ భాగం ముఖ్యంగా తల్లిదండ్రులు వినాలి. ‘మీ బాబుకు మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం, పే స్లిప్పులు ఇస్తాం, ఫోన్ చేస్తే మావాళ్లే మాట్లాడతారు’ అని డబ్బు అడిగే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అమెరికా పోయిన మన పిల్లల్లోనూ కొందరిని ఇదే బాటలో నడిపించారు. నిన్న మొన్న చదువు ముగించినవాడికి ఏడెనిమిదేళ్ల అనుభవం రాసి ఇంటర్వ్యూలకు పంపడం అక్కడ మనవాళ్ల మధ్య రహస్యమేమీ కాదు. ఇప్పుడు తనిఖీ సులువైపోయింది. జీతం ఇచ్చే కంపెనీ మామూలుగా పీఎఫ్ కడుతుంది, పీఎఫ్ ఖాతాలో ఏ నెల ఎవరు కట్టారో ఉంటుంది. మూడేళ్లు పనిచేశానన్నవాడి పీఎఫ్ ఖాళీగా ఉంటే ఇంక మాటలేం ఉంటాయి? ఊరూపేరూ లేని కంపెనీల నుంచి అనుభవ పత్రాలు తెచ్చి చేరినవాళ్లను తొలగించామని 2022లో యాక్సెంచర్ మన దేశంలో బహిరంగంగానే ప్రకటించింది. చేరిన తర్వాత తొలగించారు, గుర్తుపెట్టుకోండి. అప్పటికి ఇంట్లో బైకు ఈఎంఐ మొదలై ఉంటుంది.

ఇది చిన్న ఉద్యోగాలకే పరిమితం కూడా కాదు. యాహూ కంపెనీకి సీఈఓగా వచ్చిన స్కాట్ థాంప్సన్ అకౌంటింగ్‌లో డిగ్రీ ఉన్న మనిషి. ఆయన పరిచయంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కూడా ఉన్నట్టు రాశారు. అది లేదని ఒక వాటాదారు బయటపెట్టాడు. 2012 మేలో, చేరిన నాలుగు నెలలకే, దిగిపోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయన కంపెనీలు నడిపి పేరు తెచ్చుకున్నవాడు. ఆ డిగ్రీ లేకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మరి నిజమైన అనుభవం ఎక్కడ దొరుకుతుంది? పాత దారి ఒకటుంది, మనవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. అప్రెంటిస్‌షిప్.

అయ్యలసోమయాజుల లలిత అనే తెలుగు ఆడబిడ్డ గురించి మీలో కొందరు వినే ఉంటారు. 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, చేతిలో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ఆమె అక్కడే ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టా తీసుకున్నారు. దేశంలోనే తొలితరం మహిళా ఇంజనీర్లలో ఒకరు. పట్టాకు ముందు పనిలో శిక్షణ ఉండాలి కాబట్టి జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఏడాది అప్రెంటిస్‌గా చేశారు. 1940ల్లో, రైలింజన్లు బాగుచేసే చోట, ఒక ఆడపిల్ల! తర్వాత సిమ్లాలో ఒక ప్రభుత్వ సంస్థలో సహాయకురాలిగా చేరారు. ఆపై కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. ఆ బతుకును రెజ్యూమెగా రాస్తే అనుభవం కింద మొదటి లైను జమాల్‌పూర్ అప్రెంటిస్‌షిప్పే అవుతుంది.

ఇప్పుడు దానికి చట్టమే ఉంది. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లను కూడా అందులోకి తెచ్చారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, నాట్స్ అంటారు, దాని పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్, చివర సర్టిఫికెట్. సింగరేణి తీసుకుంటుంది, హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్ తీసుకుంటాయి. పాసై ఏళ్లు గడిచిపోకముందే పోవాలి. ఏడాది, అంతకు మించి ఉద్యోగం చేసినవాళ్లను వద్దంటారు. అంటే అనుభవం లేకపోవడమే అర్హత అయిన చోటు అది. స్టైపెండ్ తక్కువని మొహం తిప్పుకుని, అదే ఏడాది ఇంట్లో ఖాళీగా ఉండే పిల్లలను చూస్తే నాకు కోపం వస్తుంది.

మైనింగ్ చదివిన ఆడపిల్లలకు ఒక మాట. భూగర్భ గనుల్లో ఆడవాళ్లకు ఒకప్పుడు ప్రవేశమే లేదు. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించి సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు పగటిపూట అనుమతి ఇచ్చింది. కాబట్టి ‘ఆడపిల్లను కాబట్టి రాయను’ అని కాలేజీ రోజుల గని శిక్షణను కాగితంలో వదిలేయకండి.

సింగరేణి, జెన్‌కో, ఎన్‌పీడీసీఎల్ అంటే మన జిల్లాల్లో మోజెక్కువ. ఉండాల్సిందే. అక్కడ రెజ్యూమె అడగరు, దరఖాస్తు, రాతపరీక్ష. అశోక్‌నగర్‌లోనో హనుమకొండలోనో గది తీసుకుని రెండేళ్లు చదివి, ఉద్యోగం రాక, ఇప్పుడు ప్రైవేటుకు వెళ్దామనుకునే వాళ్లు ఆ రెండేళ్లను ఎలా దాచాలా అని అడుగుతారు. దాచకండి. ‘ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు పోటీ పరీక్షలకు సన్నద్ధత’ అని ఒక లైను. బోర్డులో కూర్చున్నవాళ్ల ఇళ్లలోనూ అలాంటి తమ్ముళ్లు ఉన్నారు. తేదీలు కప్పిపుచ్చితేనే అనుమానం వస్తుంది.

మిగతావి గబగబా చెప్తాను, పెన్ను ఉంటే రాసుకోండి. పేజీ ఒకటే. ప్రైవేటు కంపెనీకి పంపేటప్పుడు నాన్న పేరు, కులం, మతం, పెళ్లి సంగతి, ఫోటో అక్కర లేదు. రంగురంగుల గీతలు, నైపుణ్యానికి ఐదింటికి నాలుగు చుక్కలు, రెండు వరుసల పట్టికలు వద్దు. పెద్ద కంపెనీల్లో మొదట చదివేది సాఫ్ట్‌వేర్, పట్టికలో పెట్టిన మాట దానికి కనబడకపోవచ్చు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద చదివినవాళ్లు సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు అరపాయింటు తీసేసి పదితో గుణించాలి. 7.2 వస్తే 67 శాతం, 72 కాదు. స్కూల్లో విన్న తొమ్మిదిన్నర లెక్క ఇక్కడ పనికిరాదు. అటానమస్ కాలేజీ అయితే మెమో మీద ఏముందో చూడండి. బ్యాక్‌లాగులు ఉంటే అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి. పాత కాగితాల్లో వరంగల్ జిల్లా అని ఉందే అని గాభరాపడే వాళ్లున్నారు. 2016 అక్టోబరులో జిల్లాలు మారిన సంగతి అందరికీ తెలుసు, ఇప్పటి జిల్లా పేరు రాయండి, చాలు.

భాషల దగ్గర మాత్రం కొంచెం ఆగండి. ‘తెలుగు, ఇంగ్లిష్, హిందీ’ అని అలవాటుగా రాసేస్తారు. మీ ఇంట్లో లంబాడీ మాట్లాడతారా? కోయ వచ్చా? ఉర్దూ వచ్చా? రాయండి. లైన్లు లాగే చోట, సోలార్ ప్యానెళ్లు పెట్టే చోట, రోడ్డు పనుల్లో, తండాల్లో భూమి కోసం, దారి కోసం మాట్లాడాల్సింది ఇంజనీరే. సైట్లో బీహార్, జార్ఖండ్, ఒడిశా కూలీలతో మాట్లాడాలంటే హిందీ రావాలి. తెలుగు మీడియంలో చదివిన సంగతి దాచాల్సిన పని లేదు. ఇంగ్లిష్ మాట్లాడటం రాకపోతే నేర్చుకోవాలి, అది వేరే విషయం, దాన్ని రెజ్యూమె దాచదు.

కాగితం పూర్తయ్యాక మీకంటే తెలివైన స్నేహితుడికి చూపించకండి. అతను ఫాంటు గురించి మాట్లాడతాడు. ఇంజనీరింగ్ చదవని మనిషికి, అక్కకో, బడి టీచరుకో, చదివి వినిపించండి. ప్రతి లైను దగ్గర ‘అంటే?’ అని అడగమనండి. మూడుసార్లు ‘అంటే?’ అన్నా మీకు జవాబు వస్తూ ఉంటే ఆ లైను ఉంచండి.

పంపేటప్పుడు ఫైల్ పేరు మీ పేరు, బ్రాంచి ఉండాలి. ‘ఫైనల్ న్యూ రెండు’ అని పంపేవాళ్లు కోకొల్లలు. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న హీరో పేరుతో ఉన్న ఈమెయిలు మార్చేయండి. చివరగా ఫోన్. మహాముత్తారం, పలిమెల వైపు, అటు గంగారం, కొత్తగూడ వైపు సిగ్నల్ సంగతి మీకే తెలుసు. రెండో నంబరు కూడా ఇవ్వండి. అది అమ్మ నంబరైతే, ఏ కంపెనీకి ఏ పని కోసం పంపారో అమ్మకు చెప్పి ఉంచండి. తెలియని నంబరు నుంచి ఇంగ్లిష్‌లో ఎవరో మాట్లాడితే లోను వాళ్లనుకుని పెట్టేయకుండా, ‘మా బిడ్డ సాయంత్రం చేస్తది సార్, మీ పేరు చెప్పండి’ అనమనండి. అటువైపు ఉన్నవాళ్లు చాలామంది తెలుగువాళ్లే, వాళ్లు తెలుగులో చెప్తారు.